గొప్పలు చెప్పుకోవడం రాని అమ్మాయి

కాలేజీ కౌన్సెలర్‌ది పరుగెత్తే ఉద్యోగం కాదు. కూర్చుని చేసే పని. గడువు తేదీలు గోడకు అంటించుకుని, పిల్లలు రాసిన వ్యాసాలు దిద్దుకుంటూ, తల్లిదండ్రులకు ఫోన్లో ధైర్యం చెప్పుకుంటూ ఏళ్లు గడిచిపోతాయి. ఆ ఉద్యోగంలో నేను ఒక్కసారే పరుగెత్తాను. స్కూలు వరండాలో, టై భుజం మీదికి ఎగిరిపోతుండగా, ‘వరండాలో పరుగెత్తరాదు’ అన్న బోర్డు ముందు నుంచే. రెండో తరగతి పిల్లలు వరుసలో నిలబడి నన్ను వింతగా చూశారు. ఎందుకు పరుగెత్తానో ఇప్పుడు చెబుతాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకూ, కాలేజీ ఇంటర్వ్యూలకు వెళ్లబోయే పిల్లలకూ ఉపయోగపడవచ్చు. ఉపయోగపడకపోయినా, ఆ రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు తేలికవుతుంది.

మాది అమెరికాలో, టెక్సస్ రాష్ట్రపు ప్లేనో ఊళ్లో ఒక క్రైస్తవ పాఠశాల. రోజూ ఉదయం ప్రార్థన, బుధవారం చాపెల్‌లో ఆరాధన, శుక్రవారం సాయంత్రం ఫుట్‌బాల్. ఈ మూడింటిలో దేనికి భక్తులు ఎక్కువని మాత్రం నన్ను అడగవద్దు. నేను అంతకుముందు కోస్తాలో ఒక మిషన్ హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి. ఇక్కడికి వచ్చి మళ్లీ విద్యార్థినై చదువుకుని ఈ కుర్చీలో కుదురుకున్నాను. డైరీ రాయడం చిన్నప్పటి అలవాటు. నా చేతిరాత చీమలబారులా ఉంటుందని అందరూ అంటారు. ఆ వసంతకాలపు పేజీల్లో మాత్రం అక్షరాలు గీతలు దాటి పైకి వెళ్లిపోయాయి.

నా గదిలోనే ఇంకొక కౌన్సెలర్ ఉండేది. తూర్పు టెక్సస్ పల్లెలో పుట్టిన తెల్ల అమ్మాయి. బకెట్ లాంటి గ్లాసులో ఐస్ టీ పెట్టుకుని, రోజంతా స్ట్రాతో పీలుస్తూ, మనసులో ఉన్నది మొహం మీద చెప్పేసే రకం. ఒకరోజు మా తెలుగు పిల్లల కాగితాలు నాలుగు నా బల్ల మీద పడేసి అడిగింది.

“మీ వాళ్లకు తమ గొప్ప తాము చెప్పుకోవడం ఎందుకు రాదు?”

“మా పెద్దవాళ్లకు బాగా వచ్చు. ఏ ఇంటికైనా ఆదివారం భోజనానికి వెళ్లి చూడు. పిల్లల ర్యాంకులు వినకుండా చెయ్యి కడుక్కోనివ్వరు.”

“అయితే ఆ పెద్దవాళ్లనే ఇంటర్వ్యూకి పంపుదాం,” అంది ఆమె.

ఆ నాలుగు కాగితాల్లో అన్నిటికంటే ఖాళీగా ఉన్నది నేను చెప్పబోయే అమ్మాయిది. పన్నెండో తరగతి. తండ్రి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కృష్ణా జిల్లా వాడు. తల్లి తమ తెలుగు చర్చిలో ఆదివారపు బడి నడుపుతుంది. మేము వెళ్లేది ఊరికి ఇంకో చివర ఉన్న వేరే సంఘం కాబట్టి వాళ్లతో నాకు పరిచయం స్కూల్లోనే. ‘నువ్వు సాధించినవి రాయి’ అన్నచోట ఆ పిల్ల రాసింది ఒకే వాక్యం: చర్చిలో పెద్దవాళ్లకు కొంచెం సాయం.

ఆ కొంచెం సాయం ఏమిటో నాకు ఆమె చెప్పలేదు. వాళ్ల సంఘంలోని ఒక ముసలాయన కిరాణా కొట్లో చెప్పాడు.

ప్లేనోలో కారు లేకపోతే కాళ్లు లేనట్టే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు పొద్దున గరాజ్ తలుపు మూసుకున్న చప్పుడు వింటే మళ్లీ సాయంత్రం అది తెరుచుకునే దాకా ఇంట్లోనే. ఈ అమ్మాయి నానమ్మ కూడా అలాగే ఆరు నెలలకని వచ్చింది. పిల్లకు లైసెన్స్ రాగానే నానమ్మను, పక్క వీధి అమ్మమ్మను స్త్రీల ప్రార్థన కూటానికి తీసుకెళ్లింది. మూడో వారానికి ఇంకో ముగ్గురు అడిగారు. ఆ తరువాత పగటిపూట ఇళ్లలో ఉండే ఆంటీలను, లైసెన్స్ ఉన్న కాలేజీ పిల్లలను కూడగట్టింది. ఎవరి కారు, ఏ పూట, ఎవరిని ఎక్కడ ఎక్కించుకోవాలి, ఎవరికి మోకాళ్ల నొప్పులు కాబట్టి ముందు సీటు ఇవ్వాలి, ఎవరికి కారులో వాంతులు అవుతాయి, అన్నీ ఈ పిల్లే చూసేది. నేను విన్ననాటికి ఆ సంఘంలోని పెద్దవాళ్లందరూ కూటానికి, కంటి డాక్టరుకు, కూరగాయలకు, ఒకరింటికి ఒకరు వారానికి రెండు పూటలు తిరుగుతున్నారు. ఊరు బస్సులు వేసి చేయాల్సిన పని ఒక హైస్కూలు పిల్ల చేస్తోంది.

“నీకు పెద్దయ్యాక ఏం చేయాలని ఉంది?” అని పిలిచి అడిగాను.

“సిటీస్ లో ట్రాన్సిట్ ప్లాన్ చేస్తారు కదా అంకుల్. బస్ ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, అది.” అంటూనే తల దించుకుంది. “బట్ డాడీ ఒప్పుకోరు.”

మూడు గంటల ప్రయాణం దూరంలో ఒక ప్రైవేట్ కాలేజీ ఉంది. నగర ప్రణాళికలో మంచి పేరు. ఏటా కొద్దిమందికి చదువు, వసతి, భోజనం అన్నీ పూర్తిగా ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది. వీసా ఏదని అడగదు. ఇది మామూలు విషయం కాదు. తండ్రి హెచ్-వన్ ఉద్యోగ వీసా మీద ఉన్న పిల్లలకు ప్రభుత్వ సాయం రాదు. గ్రీన్ కార్డు వరుస ఎప్పటికి కదులుతుందో తెలియదు. ఇంత ఖర్చు సొంతంగా పెట్టుకునే స్థితి ఆ ఇంట్లో లేదు.

తండ్రి స్కూలుకు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. మర్యాదస్తుడు. మొండివాడు.

“మాస్టారూ, ఇరవై ఒకటి దాటితే ఇది నా వీసా మీద ఉండదు. సొంతంగా జాబ్ ఉండాలి, స్పాన్సర్ చేసేవాడు ఉండాలి. కంప్యూటర్స్ అయితే ఏదో ఒకటి దొరుకుతుంది. ఇంట్లోంచే కాలేజీకి వెళ్తది. ఇదేమో బస్సులంటది.”

“పెద్ద నగరాలన్నిటికీ ఆ పని తెలిసినవాళ్లు కావాలండి.”

“మా నాన్న బస్సు కండక్టరు మాస్టారూ. ఆ బస్సు దిగడానికి మాకు ఒక తరం పట్టింది. ఇది మళ్లీ ఎక్కుతానంటంది.”

నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు కానీ మాట మార్చలేదు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఆ స్కాలర్‌షిప్ పూర్తిగా వస్తే పంపుతాడు. రాకపోతే కంప్యూటర్లు, ఇంటి నుంచే. అమ్మాయి పక్కనే కూర్చుని తల ఊపింది. అంటే ఆ పిల్ల నాలుగేళ్లూ, ఆ తరువాతి బతుకూ ఒక్క ఇంటర్వ్యూ మీద నిలబడ్డాయి.

మార్కులూ సిఫారసులూ బాగున్నందువల్ల ఆఖరి వడపోతకు పిలుపు వచ్చింది. మా సహోద్యోగిని ఐస్ టీ వదిలేసి బల్ల మీద దరువు వేసింది. మిగిలింది సాధన. నేను పద్ధతి ప్రకారం కుర్చీలు ఎదురెదురుగా వేసి, ఆమెను కమిటీ సభ్యురాలిగా కూర్చోబెట్టి, పిల్లకు బెరుకు పోవాలని మొదట నేనే తెలుగులో అడగడం మొదలుపెట్టాను.

“ఈ రవాణా ఏర్పాటు ఎలా చేశావో చెప్పు.”

“అదంతా దేవుని కృప. నేనేం చెయ్యలేదు.”

“డ్రైవర్లను ఎవరు వెతికారు?”

“ప్రభువే ప్రేరేపించాడు. ఆంటీస్ వాళ్లే వచ్చారు.”

“వాళ్లకు ఫోన్ చేసింది ఎవరు?”

“మేము అందరం ప్రే చేశాం.”

మా సహోద్యోగినికి నేను అనువదించి చెబితే ఆమె నుదురు కొట్టుకుంది. నాకు మాత్రం ఆశ్చర్యం కలగలేదు. మన సంఘాల్లో పెరిగినవాళ్లకు ఇది తెలుసు. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పే సమయం ఉంటుంది. మైకు ముందు నిలబడి మేలు జరిగిన సంగతి చెప్పాలి. ఆ మేలులో మన చెయ్యి ఉందని చెప్పకూడదు. చెబితే ముందు వరసలో ఎవరో ఒకరు దగ్గుతారు. ఈ అమ్మాయి పదేళ్లప్పుడు బైబిల్ పోటీలో మొదటి బహుమతి తెచ్చుకుని, “నేను బాగా చదివాను, ఫస్ట్ వచ్చాను” అని సాక్ష్యం చెప్పిందట. కిందికి దిగగానే ఒక పెద్దావిడ గడ్డం పట్టుకుని, “చదివించింది ఎవరమ్మా?” అని అడిగిందట. అందులో కోపం లేదు, ప్రేమే. కానీ ఆనాటి నుంచి ఆ పిల్ల తన చేతులను తన మాటల్లోంచి తీసేసింది.

నేను ఒక ఉపాయం ఆలోచించాను. అప్పుడు నాకు అది చాలా తెలివైనదిగా కనిపించింది. “పదిహేను నిమిషాల పాటు దేవుడి మాట ఎత్తకూడదు. ఇది ఆట అనుకో. నువ్వు చేసింది మాత్రమే చెప్పాలి,” అన్నాను. ఆ పిల్ల పదిహేను నిమిషాలూ దాదాపు మౌనంగా కూర్చుంది.

మరునాడు ఉదయం చాపెల్ కాకముందే తల్లి నా గది గుమ్మంలో ఉంది.

“వందనాలండి బ్రదర్ గారు.”

“వందనాలమ్మా, కూర్చోండి.”

“కూర్చోను. దేవుడి పేరు ఎత్తొద్దన్నారంట మా అమ్మాయిని.”

“ఇంటర్వ్యూ సాధన కోసమమ్మా. పదిహేను నిమిషాలే.”

“పబ్లిక్ స్కూల్లో ఫ్రీగా చదివించొచ్చు బ్రదర్. మేము ఇంత దూరం డ్రైవ్ చేసుకుని ఇక్కడికి ఎందుకు తెస్తున్నాం? దేవుడి పేరు ఉంటదనే కదా. ఇక్కడ పదిహేను నిమిషాలంటారు, రేపు కాలేజీలో నాలుగేళ్లంటారు.”

ఆమె అక్కడితో ఆగక ప్రిన్సిపాల్ గదికి కూడా వెళ్లింది. ఆయన ఒకప్పటి ఫుట్‌బాల్ కోచ్, ఆరున్నర అడుగుల మనిషి. మధ్యాహ్నం నన్ను పిలిచి, తలుపు వేసి, మొహం గంభీరంగా పెట్టుకున్నాడు.

“ఒక క్రైస్తవ పాఠశాలలో దేవుణ్ణి నిషేధించిన మొదటి ఉద్యోగి మీరే అనుకుంటాను,” అన్నాడు.

“పదిహేను నిమిషాలే సార్.”

ఆయన నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాడు. ఆ తరువాత ఆ ఏడాదంతా సిబ్బంది సమావేశాల్లో ప్రార్థన మొదలయ్యే ముందు నా వైపు తిరిగి, “మీకు అభ్యంతరం లేదు కదా?” అని అడిగేవాడు.

ఉపాయం మానేశాను. తల్లికి ఫోన్ చేసి, మీ అమ్మాయి ఏ పేరు ఎత్తాలంటే ఆ పేరు ఎత్తవచ్చని చెప్పాను. ఆమె శాంతించి, ఆ సాయంత్రమే డబ్బా నిండా అరిసెలు పంపింది. అరిసెలు మాకు, సమస్య మాత్రం అలాగే. ఇంకో మూడు సాధనలు చేశాం. ఆ పిల్ల ప్రతిసారీ తన పనిలోంచి తానే మాయమైపోయేది.

ఇంటర్వ్యూ శుక్రవారం. తండ్రి సెలవు పెట్టి కారు నడిపాడు. స్కూలు తరఫున నేను ముందు సీట్లో. అమ్మాయి వెనక. దారి పొడుగునా ఆకాశం విప్పుకుని ఉంది. రోడ్డు పక్కన గడ్డిలో నీలిరంగు పూలు. పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు తండ్రి టీ తెచ్చి ఇస్తూ కూతుర్ని ఆటపట్టించాడు.

“ఏమ్మా, టికెట్ ప్లీజ్ అంటావా లోపలికెళ్లి?”

“డాడీ, స్టాప్.”

“స్టాప్ ఎక్కడో నువ్వే కదా చెప్పేది.”

అమ్మాయి ఇష్టం లేకపోయినా నవ్వింది. నేను మాత్రం టీ తాగడం మరిచి ఆమె దరఖాస్తు కాగితాలు మళ్లీ మళ్లీ తిరగేస్తున్నాను. ఎంతమంది పిల్లల్ని పంపానో గుర్తులేదు. ఎవరి విషయంలోనూ ఇలా కాలేదు. ఈ పిల్లకు ఇవ్వకపోతే ఆ పని ఇంకెవరికి ఇస్తారని మనసు గోల పెడుతోంది.

కాలేజీలో ఒక చిన్న హాలు. ముందు బల్ల వెనక ముగ్గురు. ప్రణాళికా శాఖలో పాఠాలు చెప్పే నెరిసిన జుట్టు ప్రొఫెసరమ్మ, అదే కాలేజీలో చదివి వ్యాపారంలో ఎదిగిన ఒక పెద్దమనిషి, అడ్మిషన్ ఆఫీసులో పనిచేసే ఒక యువకుడు. కుటుంబాలు వెనక వరుసలో కూర్చోవచ్చు, నోరు మాత్రం విప్పకూడదు. నేనూ తండ్రీ పక్కపక్కన కూర్చున్నాం.

పెద్దమనిషి మొదలుపెట్టాడు. ఈ రవాణా ఏర్పాటులో నీ పాత్ర ఏమిటో చెప్పమన్నాడు. అమ్మాయి ఇంగ్లీషులో అదే సాక్ష్యం చెప్పింది. దేవుడు దారి తెరిచాడు, సంఘం సహకరించింది, ఆంటీలు మంచివాళ్లు. ఆయన తల ఊపి, ఏదో రాసుకుని, ప్రశ్న ఇంకోరకంగా అడిగాడు. జవాబు ఇంకోరకంగా అదే. యువకుడు గడియారం చూశాడు. తండ్రి ముందుకు వంగి నేల వైపు చూస్తున్నాడు. ఆయన కోరుకున్నది జరుగుతోంది, అయినా ఆయన మొహంలో సంతోషం లేదు.

అప్పటిదాకా మాట్లాడని ప్రొఫెసరమ్మ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

“సరే, బాగా జరిగినదంతా దేవుడిది. మరి చెడిపోయినవి ఉంటాయి కదా. అవి ఎవరివి?”

“అవి నావి,” అంది అమ్మాయి. తడుముకోలేదు.

“ఒకటి చెప్పు.”

అప్పుడు ఆ పిల్ల వెన్ను నిటారుగా అయింది. ఆ క్షణం నేను మరిచిపోలేను. మొదటి నెలలో మ్యాపులో అతి తక్కువ దూరం ఏదో చూసి దారులు వేశానని, అది తన తప్పని చెప్పింది. “మ్యాప్‌కి ముసలివాళ్లు తెలియరు. ఒక్కొక్కళ్లు ఇంట్లోంచి వచ్చి, తాళం వేసి, మళ్లీ తీసి, మందుల సంచి తెచ్చుకుని, కారు ఎక్కి, బెల్ట్ పెట్టుకునేసరికి ఎంతసేపు పడుతుందో నేను లెక్క వేయలేదు. ఆఖరి ఆమెకు కంటి డాక్టర్ అపాయింట్‌మెంట్ పోయింది. ఆమె మళ్లీ రెండు నెలలు ఆగాల్సి వచ్చింది. సమయం రోడ్డు మీద పోవడం లేదు, తలుపుల దగ్గర పోతోంది. ఆ తరువాత నేను ప్రతి ఇంటి గుమ్మం దగ్గరికీ వెళ్లి చూశాను. మెట్లున్న ఇళ్లు వేరు, లేని ఇళ్లు వేరు. అప్పుడు దారులన్నీ తిరగరాశాను.”

నేను వెళ్లాను, నేను చూశాను, నేను తిరగరాశాను. నా చెవులను నేను నమ్మలేకపోయాను. నెలరోజులు నేను బతిమాలినా రాని మాట గుక్క తిప్పుకోకుండా వస్తోంది.

“ఇంకొకటి?” అంది ప్రొఫెసరమ్మ. ఆమె కూడా ముందుకు జరిగింది.

ఇద్దరు అమ్మమ్మలను పక్కపక్కన కూర్చోబెట్టినందుకు ఒకావిడ రావడం మానేసిన సంగతి చెప్పింది. ఇద్దరికీ ఊళ్లో పాత తగాదా ఉందట. “నేను సీట్లు లెక్కపెట్టాను, మనుషులను అడగలేదు.” ఒక ఆంటీకి ఎప్పుడూ దూరపు ఇల్లే వేసి అలిసిపోయేలా చేసిన సంగతి చెప్పింది. ఆ తరువాత దూరం అందరికీ మారుతూ వచ్చేలా తాను పెట్టిన పద్ధతి చెప్పింది. పెద్దమనిషి రాసుకోవడం మానేసి వింటున్నాడు.

“అన్నిటికంటే పెద్ద తప్పు?”

అమ్మాయి ఒక్కసారి వెనక్కి తిరిగి తండ్రిని చూసింది. మళ్లీ ముందుకు తిరిగింది.

“మా నానమ్మను లైబ్రరీ దగ్గర ఎక్కించుకోమని డ్రైవర్‌కి చెప్పాను. లైబ్రరీకి రెండు గేట్లు ఉన్నాయి. ఆమె వెనక గేటు దగ్గర నిలబడింది, కారు ముందు గేటుకు వెళ్లింది. ఎండాకాలం. లైబ్రరీ మూసేశారు. ఆమెకు ఫోన్‌లో చార్జింగ్ లేదు. గడ్డి కోసే ఒకాయన నీళ్లు ఇచ్చి నీడలో కూర్చోబెట్టాడు. నేను వెళ్లేసరికి ఆమె నన్ను తిట్టలేదు. అప్పటినుంచి నేను స్థలం పేరు చెప్పి ఎవరినీ నిలబెట్టను. ముందే వెళ్లి ఫోటో తీస్తాను. నీడ, కూర్చోవడానికి బెంచీ లేని చోట కారు ఆగదు. ఆ రెండూ లేకపోతే అది స్టాప్ కాదు.”

పక్కన తండ్రి చటుక్కున తల ఎత్తాడు. తన తల్లి సంగతి ఆయనకు అప్పుడే తెలిసింది.

నాకు ఆ హాల్లో కూర్చున్నప్పుడే విషయం అర్థమైంది. అర్థమైనందుకు ఎగిరి గంతు వేయాలనిపించింది. మన సాక్ష్యంలో మేలు దేవుడిది, ఒప్పుకోలు మనది. మేలు దగ్గర ‘నేను’ అనకూడదు కానీ, తప్పు దగ్గర అనాల్సిందే. దాచకుండా, వివరంగా అనాలి. ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ ఆ తలుపు ఒక్కటి బార్లా తెరిచే ఉంది. మేము నెలరోజులు మూసి ఉన్న తలుపు మీద బాదాం. ఎక్కడ చెడిందో, ఎలా సరిచేసిందో చెబుతుంటే ఆమె చేసిన పని మొత్తం ఆ బల్ల మీద పరుచుకుంది. దేవుణ్ణి ఎక్కడా తగ్గించనూ లేదు.

ఇచ్చిన సమయం ఎప్పుడో దాటింది. బయట భోజనాలు పెట్టారు. వరండాలోకి వస్తే ప్రొఫెసరమ్మ చేతిలో ఖాళీ ప్లేటు పట్టుకుని మా అమ్మాయితో ఇంకా వాదిస్తోంది. ఫోన్ లేనివాళ్లకు కారు ఆలస్యమైందని ఎలా తెలుస్తుంది? అమ్మాయి కాగితపు రుమాలు మీద గీతలు గీసి చూపిస్తోంది. వాళ్లిద్దరూ అన్నం తినలేదు. నేను మాత్రం ఆ ఆనందంలో రెండుసార్లు వడ్డించుకున్నాను.

తిరుగు ప్రయాణంలో హైవే ఎక్కాక తండ్రి అద్దంలోంచి వెనక్కి చూశాడు.

“నానమ్మకి వడదెబ్బ తగిలిందా ఆ రోజు?”

“లేదు డాడీ. కొంచెం టైర్డ్ అయింది. నీకు చెప్పొద్దంది నానమ్మ. చెప్తే ఆపేస్తావంది.”

“ఆపేసేవాణ్ణే.” ముందున్న లారీని దాటించాడు. “ఆ దూరపు ఇల్లు మారుస్తానన్నావ్ కదా. ఎలా మారుస్తావ్? వారానికొకళ్లా?”

“లేదు. మైల్స్ యాడ్ అవుతూ ఉంటాయి. తక్కువ ఉన్నవాళ్లకి నెక్స్ట్ వేస్తా.”

“మరి మధ్యలో ఒకళ్లు మానేసి మళ్లీ వస్తే?”

“అది ప్రాబ్లమే.”

“ప్రాబ్లమ్ కాదమ్మా, వాళ్ల మైల్స్ సున్నా నుంచి మొదలుపెట్టకు. యావరేజ్ నుంచి మొదలుపెట్టు.”

“ఓ.” వెనక సీట్లోంచి ముందుకు వంగింది. “డాడీ, వెయిట్. అప్పుడు కొత్తవాళ్లు జాయిన్ అయితే?”

ఇంకో గంటసేపు ఆ ఇద్దరూ నన్ను మరిచిపోయారు. నేను కిటికీలోంచి పూలు చూస్తూ కూర్చున్నాను.

జవాబు రావడానికి కొన్ని వారాలు పట్టింది. ఒక మధ్యాహ్నం నేను స్కూలు ఇంకో చివర పదో తరగతి పిల్లలకు పాఠ్యాంశాల ఎంపిక గురించి చెబుతున్నాను. మా సహోద్యోగిని నుంచి ఫోన్‌కి సందేశం వచ్చింది: ఆ అమ్మాయి మన గదిలో ఉంది, మెయిల్ వచ్చింది, మీరు వచ్చేదాకా తెరవనంటోంది. నేను పిల్లలకు ఏం చెప్పి బయటపడ్డానో గుర్తులేదు. అప్పుడు పరుగెత్తాను.

గదిలోకి వెళ్లేసరికి ఆయాసంతో మాట రాలేదు. అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతోంది. కళ్లు తెరిచి నొక్కింది. మొదటి వాక్యం ముగ్గురం ఒకేసారి చదివాం. పూర్తి స్కాలర్‌షిప్. నాలుగేళ్లూ. మా సహోద్యోగిని వేసిన కేకకు పక్క గదిలోంచి ప్రిన్సిపాల్ పరుగున వచ్చాడు. ఆ గందరగోళంలో ఐస్ టీ గ్లాసు నా బల్ల మీద బోర్లా పడింది. నా డైరీలో ఆ వారం పేజీలు ఇప్పటికీ గోధుమరంగులో ఉంటాయి.

“దేవునికి స్తోత్రం,” అంది అమ్మాయి, ఏడుస్తూ.

“స్తోత్రం,” అన్నాను నేను. ఆ గదిలో ఆ మాట మీద ఇక నిషేధం లేదు.

తండ్రి సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా స్కూలుకు వచ్చాడు. ల్యాప్‌టాప్‌లో ఉన్నది మొదటినుంచి చివరిదాకా చదివాడు. కిందికి వెళ్లి, చిన్న అక్షరాల్లో ఉన్న షరతులు కూడా చదివాడు. అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి ఆయన మొహమే చూస్తోంది. ఒప్పందం ఉంది నిజమే, కానీ తండ్రులు ఒప్పందాలు మరిచిపోవడం నేను చాలాసార్లు చూశాను.

“ఇందులో వీసా గురించి ఏమీ లేదు కదా మాస్టారూ?”

“లేదండి. నేను ఫోన్ చేసి కూడా అడిగాను.”

“చదువు అయ్యాక జాబ్?”

“తప్పకుండా వస్తుందని నేను చెప్పలేను. కంప్యూటర్లు చదివినా అలా చెప్పలేను.”

ఆయన తల ఊపి, కూతురి వైపు తిరిగాడు. “వీసా సంగతి నేను ఆలోచిస్తాలే. అది నా తలనొప్పి. నువ్వు వెళ్లి చదువుకో.”

అమ్మాయి ఆయన భుజం మీద తల పెట్టింది. ఆయన ఏం చేయాలో తెలియక ఆమె వీపు మీద రెండుసార్లు తట్టి, ల్యాప్‌టాప్ మూసేశాడు.

“ఆగస్టులో నువ్వు వెళ్లిపోతే ఇక్కడ పెద్దవాళ్ల సంగతేంటి?”

“ఇద్దరు ఆంటీస్ కి నేర్పిస్తున్నా. లిస్ట్, ఫోటోస్, అన్నీ.”

“డ్రైవర్లు సరిపోతారా?”

“ఒకళ్లు తక్కువ. వెడ్నెస్‌డే.”

“బుధవారం నాకు వర్క్ ఫ్రమ్ హోమే. మధ్యాహ్నం ఒక ట్రిప్పు నేను వేస్తా. నా పేరు రాసుకో.”

అమ్మాయి తల ఎత్తి ఆయన వైపు చూసింది. కళ్లు ఇంకా తడిగానే ఉన్నాయి, గొంతు మాత్రం కాదు.

“నీకు ట్రిప్ వెయ్యను డాడీ. నువ్వు ఎప్పుడూ టెన్ మినిట్స్ లేట్. కాల్‌లో ఉన్నా, కాల్‌లో ఉన్నా అంటావు. వాళ్లు ఎండలో నిలబడతారు.”

తండ్రి నా వైపు చూశాడు, నేను కిటికీ వైపు చూశాను.

“మరి?”

“బ్యాకప్‌లో పెడతా. త్రీ మంత్స్ టైమ్‌కి వస్తే, అప్పుడు చూస్తా.”

“సరే,” అన్నాడాయన.